జేబు చిన్నది, ఇంజిన్ చిన్నది



ఏ ఊళ్ళోనైనా సాయంత్రం వేళ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడి చూడండి. "అన్నా, బండికి పికప్ చాలట్లేదు, ఏమన్నా చెయ్యి. మరీ ఎక్కువ పెట్టుకోలేను" అనే కుర్రాడు ఒకడు తప్పకుండా వస్తాడు. షెడ్డు అన్న రెండుసార్లు రేజ్ చేసి, చెవి ఒగ్గి వింటాడు. సైలెన్సర్ మారుద్దామంటాడు, లేదంటే కార్బొరేటర్ పెద్దది వేద్దామంటాడు. టూ స్ట్రోక్ బండి అయితే పోర్టింగ్ చేద్దామంటాడు. ఒకే సిలిండర్ ఉన్న చిన్న ఇంజిన్ నుంచి, తక్కువ డబ్బుతో, ఎక్కువ బలం రాబట్టడం ఎలా? ఈ పూట మనం మాట్లాడుకోబోయేది దాని గురించే.

ముందు ఒక చిన్న లెక్క. పాత బుల్లెట్ 350 ఇంజిన్ 346 సీసీ, బలం 18 హార్స్ పవర్. లీటరుకు ఎంత పడుతుందని లెక్క కడితే 52. స్ప్లెండర్ 97 సీసీ, ఇంచుమించు ఏడున్నర హార్స్ పవర్. లీటరుకు 77. మన కుర్రకారు గుండెల్లో ఇప్పటికీ తిరుగుతున్న యమహా ఆర్ఎక్స్ 100 చూడండి. 98 సీసీ, 11 హార్స్ పవర్. లీటరుకు 112. ఇక నాలుగోది. 1961లో తూర్పు జర్మనీలోని చోపావ్ అనే చిన్న పట్నం నుంచి వచ్చిన ఎంజెడ్ రేసు బండి. 125 సీసీ, ఒకే సిలిండర్, 25 హార్స్ పవర్. అంటే లీటరుకు 200. గాలిని బలవంతంగా ఎక్కించే బ్లోయర్ లేకుండా ఆ అంకెను అందుకున్న మొదటి ఇంజిన్‌గా దానికి పేరుంది.

ఇందులో అసలు విశేషం ఏమిటంటే, ఆ ఇంజిన్ చేసినవాళ్ళ దగ్గర డబ్బు లేదు. పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు గుమ్మరిస్తున్న రోజుల్లో, విదేశీ కరెన్సీకీ మంచి లోహానికీ కటకటలాడే ఒక ప్రభుత్వ కర్మాగారం, వేళ్ళ మీద లెక్కపెట్టగల మనుషులతో ఆ పని చేసింది. మన షెడ్డు ముందు నిలబడ్డ కుర్రాడికి ఇంతకంటే పనికొచ్చే కథ నాకు కనబడదు. అందుకే ముందు చోపావ్ వెళ్ళి, ఆ తర్వాత మన రోడ్ల మీదికి వద్దాం.

ఇంజిన్ బలం పెరగడానికి మార్గాలు మూడే. ఒకటి, సిలిండర్ పెద్దది చేయడం. రెండు, ఉన్న సిలిండర్‌లోకే ప్రతి విడతా పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఎక్కువ పంపి, దాన్ని గట్టిగా నొక్కి, బాగా మండించడం. మూడు, నిమిషానికి ఎక్కువసార్లు తిప్పడం. పేదవాడికి మొదటి దారి పెద్దగా కలిసిరాదు. ఆర్ఎక్స్ 100 సిలిండర్ అడ్డం 50 మిల్లీమీటర్లు. బోరు కొట్టించి, దొరికే పిస్టన్లలో అన్నిటికంటే పెద్దది, అంటే ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజుది వేశారనుకోండి. సిలిండర్ సైజు పెరిగేది నాలుగు శాతమే. 98 సీసీ కాస్తా 102 అవుతుంది. బోరు కొట్టించాక బండి కొత్త ప్రాణం పోసుకున్నట్టు అనిపిస్తే, ఆ ఘనత ఈ నాలుగు శాతానిది అనుకోకండి. అరిగిపోయిన గోడల సందుల్లోంచి కారిపోతున్న కంప్రెషన్ తిరిగొచ్చింది, అంతే. అందువల్ల డబ్బు లేనివాడికి మిగిలేవి రెండో దారి, మూడో దారి. చోపావ్‌లో ఆ రెండింటినీ ఎంత దూరం తీసుకెళ్ళారో చూద్దాం.

చోపావ్ సాక్సనీ ప్రాంతంలో ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన రాస్ముస్సెన్ అనే ఆయన అక్కడ పెట్టిన డీకేడబ్ల్యూ కంపెనీ, 1920ల చివరికి ప్రపంచంలోనే అతి పెద్ద మోటార్ సైకిల్ తయారీదారు. 1939లో ఆ కంపెనీ ఇంజనీరు హెర్మన్ వెబర్ ఆర్‌టీ 125 అనే చిన్న టూ స్ట్రోక్ బండిని రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక ఆ నమూనా మీద హక్కు ఎవరిదని అడిగే నాథుడు లేడు. ఇంగ్లండ్‌లో బీఎస్ఏ, అమెరికాలో హార్లే డేవిడ్‌సన్, అటు సోవియట్ యూనియన్, అందరూ దాన్ని చూసి తమ తమ బండ్లు చేసుకున్నారు. 1955లో జపాన్‌లో యమహా అనే కంపెనీ తన మొట్టమొదటి మోటార్ సైకిల్ వైఏ-1 తెచ్చింది. అదీ ఈ ఆర్‌టీ 125కి పుట్టిందే. ఈ యమహా సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

యుద్ధం అయ్యాక చోపావ్ తూర్పు జర్మనీలో పడింది. ఆ పాత డీకేడబ్ల్యూ కర్మాగారమే తర్వాత ఎంజెడ్ అయింది. అక్కడ రేసింగ్ విభాగాన్ని 1953లో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు చేతుల్లో పెట్టారు. కాడెన్ యుద్ధకాలంలో హెన్షెల్ విమాన కంపెనీలో పనిచేశాడు. యుద్ధం తర్వాత కలప వ్యాపారం చేసుకుంటూ, ఒక ఆర్‌టీ 125 ను సొంతంగా రేసు బండిగా మార్చుకున్నాడు. అది బాగా పరిగెత్తింది. ఆ బండే ఆయన్ని కర్మాగారం దాకా తీసుకెళ్ళింది.

ఆయన చేతికొచ్చింది టూ స్ట్రోక్ ఇంజిన్. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో గాలి లోపలికి రావడానికి ఒక వాల్వు, పొగ పోవడానికి ఒక వాల్వు, వాటిని తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్, ఇన్ని సరంజామాలు ఉంటాయి. టూ స్ట్రోక్‌లో ఇవేవీ ఉండవు. సిలిండర్ గోడలో కిటికీల్లాగా కొన్ని రంధ్రాలుంటాయి. వాటినే పోర్టులు అంటాం. పిస్టన్ కిందికి దిగుతూ ముందు పొగ పోయే ఎగ్జాస్ట్ పోర్టును తెరుస్తుంది. ఇంకాస్త దిగాక కొత్త మిశ్రమం వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టుల్ని తెరుస్తుంది. కింద క్రాంక్ కేసులో నొక్కుకుపోయి ఉన్న మిశ్రమం పైకి ఉరికి, పాత పొగను బయటికి నెడుతుంది.

చిక్కల్లా ఇక్కడే. కొత్త మిశ్రమం లోపలికి వస్తున్నంతసేపూ ఎగ్జాస్ట్ పోర్టు తెరిచే ఉంటుంది. పొగతో పాటు కొంత కొత్త మిశ్రమం కూడా సైలెన్సర్‌లోకి జారిపోతుంది. మండాల్సిన పెట్రోలు మండకుండానే వీధిపాలు. పైగా పిస్టన్ మళ్ళీ పైకి వచ్చేటప్పుడు ముందు ట్రాన్స్‌ఫర్ పోర్టులు మూసుకుంటాయి, ఆ తర్వాత గానీ ఎగ్జాస్ట్ మూసుకోదు. ఆ కాస్త వ్యవధిలో ఇంకొంచెం బయటికి పోతుంది. దీన్ని ఆపడానికి తలుపు పెడదామా అంటే వాల్వులు వచ్చిపడతాయి, ఖర్చు వచ్చిపడుతుంది. మరి తలుపు లేకుండా మూయడం ఎలా?

శబ్దంతో మూయొచ్చు. లోతైన బావిలోకి వంగి ఒక కేక వేస్తే, ఆ కేక అడుగున తగిలి తిరిగి పైకి వస్తుంది కదా. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా బయటికి కొట్టి, అలాంటి కేక ఒకటి గొట్టంలో బయల్దేరుతుంది. గొట్టం నిలువునా ఒకే లావు లేకుండా, ముందు క్రమంగా వెడల్పవుతూ పోయి, తర్వాత మళ్ళీ సన్నబడేలా చేశారనుకోండి. వెడల్పయ్యే భాగం నుంచి వెనక్కి వచ్చే తరంగం పీల్చే గుణంతో వస్తుంది. సిలిండర్‌లోని పాత పొగను లాగేసి, కొత్త మిశ్రమాన్ని పైకి రమ్మంటుంది. సన్నబడే భాగం నుంచి వచ్చే తరంగం నెట్టే గుణంతో వస్తుంది. పొరపాటున గొట్టంలోకి జారిన కొత్త మిశ్రమాన్ని, పోర్టు మూసుకునే లోపు మళ్ళీ సిలిండర్‌లోకి తోస్తుంది. ఇనుప తలుపు చేయాల్సిన పనిని ఒక రేకు గొట్టం చేసిపెడుతుంది. ఇదే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్. పొట్ట ఉబ్బినట్టుండే టూ స్ట్రోక్ రేసు సైలెన్సర్లు మీరు చూసే ఉంటారు. ఆ పొట్ట సోకు కోసం పెట్టింది కాదు.

ఇక్కడ అంతా సమయం మీదే నడుస్తుంది. కాడెన్ ఇంజిన్ 25 హార్స్ పవర్ ఇచ్చింది నిమిషానికి 10,800 చుట్ల దగ్గర. అంటే సెకనుకు 180 చుట్లు. ఒక్కో చుట్టులో దాదాపు సగం సేపు ఎగ్జాస్ట్ తెరిచి ఉంటుందనుకుంటే, దొరికేది సెకనులో వెయ్యో వంతులు మూడు కూడా లేదు. వేడి పొగలో శబ్దం సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుందనుకోండి. ఆ వ్యవధిలో అది పోగలిగేది 1.4 మీటర్లు. వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి, అందులో సగం, 70 సెంటీమీటర్ల దూరంలో అడ్డం తగలాలి. అదే ఇంజిన్ 6,000 చుట్ల దగ్గర తిరిగితే వ్యవధి పెరుగుతుంది, ఆ దూరం 125 సెంటీమీటర్లు కావాలి. అంటే ఒక గొట్టం ఒక వేగానికే సరిగ్గా కుదురుతుంది. ఆ వేగం దగ్గర ఇంజిన్ రెచ్చిపోతుంది. దానికి బాగా కింద తిరుగుతున్నప్పుడు అదే గొట్టం తప్పు సమయంలో తరంగాన్ని పంపి చెడగొడుతుంది. పక్కింటి అబ్బాయి బండికి అద్భుతంగా పనిచేసిన సైలెన్సర్ మన బండికి తగిలిస్తే ఏడుపు ముఖం పెట్టడానికి కారణం ఇదే.

నిజం చెప్పాలంటే ఇవన్నీ కాడెన్ ఒక్కడి బుర్రలో పుట్టినవి కావు. సైలెన్సర్ ఆకారం మీద ప్రయోగాలు అంతకుముందే మొదలయ్యాయి. మిశ్రమాన్ని క్రాంక్ కేసులోకి సరైన క్షణంలో వదిలే తిరుగుడు పళ్ళెం, డిస్క్ వాల్వ్, డానియల్ జిమ్మర్‌మన్ అనే మరో జర్మన్ తన సొంత బండికి చేసుకున్నది. కాడెన్ చేసింది వీటిని ఒకదానికొకటి కుదర్చడం. ఆసిలోస్కోపు తెర మీద గొట్టంలోని ప్రకంపనల తీరు చూస్తూ, కొలుస్తూ, ఒకటి మార్చి దానికి తగ్గట్టు ఇంకొకటి సర్దుతూ పోయాడు.

ఆయన చేతిలో రూపుదిద్దుకున్న ఇంకొక చిన్న మార్పు ఉంది. ఎగ్జాస్ట్ పోర్టుకు సరిగ్గా ఎదురుగా మూడో ట్రాన్స్‌ఫర్ పోర్టు తెరిచాడు. దానికి మిశ్రమం పిస్టన్ గోడలో పెట్టిన ఒక కిటికీ గుండా వస్తుంది. వచ్చే దారిలో పిస్టన్ నెత్తిని కింది నుంచి చల్లబరుస్తుంది. కనెక్టింగ్ రాడ్డు పైకొసన ఉన్న బేరింగుకు ఆయిల్ తగిలిస్తుంది. అంతవరకు వేడికి మాడిపోతూ వచ్చిన భాగాలు అవే. ఒకే రంధ్రంతో బలమూ పెరిగింది, ఆయుష్షూ పెరిగింది. మంచి లోహం కొనడానికి డబ్బు లేని చోట, ఉన్న లోహం మాడకుండా చూసే ఉపాయం అది.

1961లో ఎర్న్‌స్ట్ డెగ్నర్ అనే రైడర్ ఆ ఎంజెడ్ బండి మీద ప్రపంచ చాంపియన్‌షిప్ అందుకునేంత దూరం వచ్చాడు. ఆ సెప్టెంబరులో స్వీడన్ రేసులో ఇంజిన్ పాడై మధ్యలోనే ఆగాల్సి వచ్చింది. అప్పటికి నెల కిందటే బెర్లిన్ గోడ లేచింది. డెగ్నర్ స్వీడన్ నుంచి తిరిగి ఇంటికి వెళ్ళలేదు. ఆయన భార్యాపిల్లల్ని ఒక కారులో దాచి పశ్చిమ జర్మనీకి దాటించారు. డెగ్నర్ జపాన్ వెళ్ళి సుజుకీ కంపెనీలో చేరాడు. చోపావ్‌లో ఏళ్ళ తరబడి పోగేసిన విద్య ఆయనతో పాటే వెళ్ళింది. మరుసటి ఏడాది, 1962లో, 50 సీసీ తరగతిలో సుజుకీ మీద ఆయన ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఒక టూ స్ట్రోక్ బండికి ప్రపంచ టైటిల్ రావడం అదే మొదటిసారి. అక్కడి నుంచి జపాన్ టూ స్ట్రోక్‌ల హవా మొదలైంది.

ఇప్పుడు యమహా సంగతి. చోపావ్ నమూనా చూసి తొలి బండి చేసిన ఆ కంపెనీ, ముప్పై ఏళ్ళ తర్వాత, 1985 చివర్లో, ఎస్కార్ట్స్‌తో కలిసి మన దేశంలో ఆర్ఎక్స్ 100 దించింది. డిస్క్ వాల్వ్ స్థానంలో సులువైన రీడ్ వాల్వ్ పెట్టింది. వంద కిలోల పైచిలుకు బరువున్న బండికి 11 హార్స్ పవర్. గుంటూరులోనో వరంగల్‌లోనో అప్పట్లో యాక్సిలేటర్ తిప్పినవాడికి దాని వంశవృక్షంతో పని లేదు గానీ, ఆ పికప్‌కు మూలాలు సాక్సనీలోనే ఉన్నాయి. కాలుష్య నిబంధనలు బిగిసి 1996లో దాని తయారీ ఆగిపోయినా, మన కుర్రాళ్ళ మోజు ఆగలేదు. ఆ పేరుతో 2018లో తెలుగులో ఏకంగా ఒక సినిమానే వచ్చింది.

మరి మన షెడ్డులో ఏం చేయొచ్చు? కాడెన్ పద్ధతిలోనే ఆలోచిద్దాం. కొనడం కంటే ముందు కొలవాలి.

మొట్టమొదట, పోయిన బలాన్ని వెనక్కి తెచ్చుకోండి. అన్నిటికంటే చవక బలం ఇదే. ఏర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. టూ స్ట్రోక్ బండైతే సైలెన్సర్ లోపలి గొట్టానికి, ఎగ్జాస్ట్ పోర్టు అంచులకు నల్లటి కార్బన్ గట్టిగా పట్టి, దారి సన్నబడి ఉంటుంది. దాన్ని గీకి తీయించండి. ఫోర్ స్ట్రోక్ బండైతే ట్యాపెట్ల సందు ఫీలర్ గేజ్‌తో చూసి సరిచేయించండి. సందు మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. క్లచ్ ప్లేట్లు జారుతున్నాయా, చైన్ బిగుసుకుపోయిందా, బ్రేకు పట్టేసి చక్రం స్వేచ్ఛగా తిరగడం లేదా, టైర్లలో గాలి ఉందా? పికప్ పోయిందని వచ్చే బండ్లలో చాలావాటి జబ్బు ఇక్కడే దొరికిపోతుంది. కంప్రెషన్ గేజ్ పెట్టి ఒకసారి చూస్తే రింగుల సంగతీ బోరు సంగతీ తేలిపోతుంది.

రెండోది స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం. ఇది ఇంజిన్ ముట్టుకోని పని. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్ళు ఉన్నాయనుకుందాం. 13 పళ్ళది వేస్తే వెనక చక్రం దగ్గర లాగుడు ఏడెనిమిది శాతం పెరుగుతుంది. ఎక్కుడు రోడ్డు మీద, ఇద్దరెక్కినప్పుడు తేడా తెలుస్తుంది. ఇంజిన్ బలం రవ్వంత కూడా పెరగలేదు. అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మైలేజ్ కాస్త తగ్గుతుంది. పికప్ కావాలో, టాప్ స్పీడ్ కావాలో, మైలేజ్ కావాలో ముందు మీరు తేల్చుకోవాలి. మూడూ ఒకేసారి ఇచ్చే స్ప్రాకెట్ ఏ దుకాణంలోనూ లేదు.

మూడోది మిక్చర్. గాలి దారి ఏ కొంచెం మార్చినా కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టు కూడా మార్చాల్సిందే. ఫ్రీగా ఊదే సైలెన్సర్ పెట్టి, ఫిల్టర్ తీసేసి, పాత జెట్టుతోనే తోలితే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువ పడుతుంది. బండి మొదట్లో చురుగ్గా అనిపిస్తుంది. నాలుగు రోజులకు పిస్టన్ వేడెక్కి సీజ్ అవుతుంది. ఇంకో సంగతి. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. గ్రాము ఇథనాల్‌కు తొమ్మిది గ్రాములు చాలు. అంటే జెట్టు ఏమీ మార్చకపోయినా, పాత కార్బొరేటర్ బండిలో మిక్చర్ ఇప్పటికే పలచబడి ఉంది. ఆ పైన ఇంకా పలచన చేసుకోవడం ఇంజిన్‌కు చేటు.

మిక్చర్ కుదిరిందో లేదో చెప్పడానికి ప్లగ్గును మించిన సాక్షి లేదు. బండిని మంచి లోడు మీద కాసేపు తోలి, వెంటనే ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి కొస చూడండి. పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లగా మసి పట్టి తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ప్రమాదం, పెట్రోలు తక్కువై లోపల మాడిపోతోంది. ఒక సైజు పెద్ద జెట్టు వేసి మళ్ళీ చూడండి. జెట్టు ఖరీదు ఎంతని? పిస్టన్, బోరు ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

ఇక నాలుగోది, అందరూ ముందే అడిగేది, పోర్టింగ్. చేయి తిరిగిన మెకానిక్ దీన్ని ఎలా మొదలుపెడతాడో చూడండి. సిలిండర్ విప్పి, లోపల ఒక కాగితం చుట్టి, మసి అంటిన వేలితో పోర్టుల అంచుల వెంట రుద్దుతాడు. కాగితం బయటికి తీస్తే ఏ పోర్టు ఎంత ఎత్తులో, ఎంత వెడల్పుందో అచ్చుపడి ఉంటుంది. క్రాంకు కొసకు డిగ్రీల పళ్ళెం బిగించి, పిస్టన్ ఎక్కడున్నప్పుడు ఏ పోర్టు తెరుచుకుంటోందో రాసుకుంటాడు. ఆ తర్వాతే ఆకురాయి పట్టుకుంటాడు. ఆర్ఎక్స్ 100 లాంటి ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు పై అంచును ఒక్క మిల్లీమీటరు పైకి రుద్దితే, పోర్టు రెండు డిగ్రీలకు పైగా ముందు తెరుచుకుంటుంది, అంతే ఆలస్యంగా మూసుకుంటుంది. పై చుట్లలో బలం పెరుగుతుంది, కింది చుట్లలో తగ్గుతుంది. ట్రాఫిక్‌లో పదేపదే క్లచ్ పట్టుకుని రేజ్ చేస్తే గానీ కదలని బండి చేతికొస్తుంది. వెడల్పు పెంచితే ఇంకో గండం. పోర్టు మరీ వెడల్పయితే రింగు ఆ సందులోకి ఉబ్బి, అంచుకు తగులుకుని విరుగుతుంది. అందుకే రుద్దాక అంచును నున్నగా గుండ్రం చేయాలి.

ఆకురాయి తీసేసిన లోహం మళ్ళీ రాదు. జెట్టు నచ్చకపోతే పాతది బిగించుకోవచ్చు. స్ప్రాకెట్ మార్చుకోవచ్చు. పోర్టు తప్పితే బ్లాకు మార్చాల్సిందే. ఆర్ఎక్స్ లాంటి, తయారీ ఆగిపోయిన బండికి అసలైన బ్లాకు దొరకడమే గగనం. అందుకే తక్కువ ఖర్చులో చేయాలనుకునేవాడు వెనక్కి తీసుకోగలిగిన మార్పులన్నీ అయ్యాకే, వెనక్కి తీసుకోలేని దాని జోలికి వెళ్ళాలి.

టాప్ స్పీడ్ మీద మోజున్నవాళ్ళకు ఇంకో లెక్క. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డుకునే తీరు విపరీతంగా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్లు పోయే బండి 100 పోవాలంటే, గాలిని చీల్చడానికి కావలసిన బలం దాదాపు రెట్టింపు కావాలి. వేగం పెరిగింది పాతిక శాతం, ఖర్చు వంద శాతం. అదే సమయంలో బ్రేకులు ఆపాల్సిన శక్తి సగానికి పైగా పెరుగుతుంది. ఆర్ఎక్స్ 100కి ముందూ వెనకా ఉన్నవి డ్రమ్ బ్రేకులే. బడ్జెట్ అంతా ఇంజిన్ మీద పెట్టి, అరిగిన బ్రేకు లైనింగులతో రోడ్డెక్కడం కంటే తెలివితక్కువ పని ఉండదు. మొదటి వంద రూపాయలు బ్రేకులకూ టైర్లకూ పెట్టండి.

చట్టం సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి చోట్ల చెవులు చిల్లులు పడేలా మోగే సైలెన్సర్లను పోలీసులు ఊడబీకి, రోడ్డు రోలర్‌తో తొక్కించిన సందర్భాలున్నాయి. మోతకూ బలానికీ సంబంధం లేదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. మంచి ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ పని అంతా లోపలి కొలతల్లో ఉంటుంది, బయటికి వచ్చే శబ్దంలో కాదు. కాబట్టి పోర్టింగ్, రేసు సైలెన్సర్ లాంటివి రేసు ట్రాక్ మీద తిరిగే బండికి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాక్‌లున్నాయి. రోడ్డు మీద తిరిగే బండికి నేను చెప్పిన మొదటి పనులు చాలు. సర్వీసింగు, సరైన మిక్చర్, మంచి బ్రేకులు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. బాహా పోటీల పేరు వినే ఉంటారు. కాలేజీ జట్లు సొంతంగా గుట్టల మీద తిరిగే బండి తయారుచేసుకుని తెస్తాయి. అందులో చాలాకాలం అందరికీ ఇచ్చింది ఒకే ఇంజిన్, 10 హార్స్ పవర్ సింగిల్ సిలిండర్. ఆ ఇంజిన్‌ను ముట్టుకోకూడదన్నది నిబంధన. అందరికీ బలం ఒక్కటే అయినా ఒక బండి గుట్ట ఎక్కుతుంది, ఇంకొకటి ఆగిపోతుంది. తేడా ఎక్కడొచ్చింది? ఫ్రేములో తగ్గించిన బరువులో, గేర్ల లెక్కలో, చక్రం చేరేలోపు బలం వృథా పోకుండా చూసుకున్న తీరులో.

బండి మీద మక్కువ ఉన్న శ్రోతలకు చివరిగా నా సలహా ఒక్కటే. ఈ ఆదివారం ఏ పార్టూ కొనకండి. ఒక నోటుపుస్తకం తీసుకుని ఇప్పుడున్న జెట్టు నంబరు, స్ప్రాకెట్ పళ్ళు, ప్లగ్గు రంగు, కంప్రెషన్ అంకె, లీటరుకు వస్తున్న మైలేజ్ రాసి పెట్టుకోండి. తర్వాత ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక మళ్ళీ రాయండి. రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. చోపావ్‌లో లీటరుకు 200 హార్స్ పవర్ తెచ్చిన పద్ధతి ఇదే. అక్కడ ఆసిలోస్కోపు ఉంది, మన దగ్గర ప్లగ్గు ఉంది. మొదలుపెట్టడానికి అది చాలు.